మిసెస్ లార్టర్ వెళ్తున్నారు

గురువారం సాయంత్రం చర్చి హాల్లో ఇంగ్లిష్ క్లాసు చెబుతూ హెడ్లీ థర్టిల్ ఒక కేకు మీద కూర్చున్నాడు. "ఐ సిట్" అని చేసి చూపించడం ఆయన ఉద్దేశం. "ఐ యామ్ సిట్టింగ్" అని పాఠం పూర్తిచేసి, అప్పుడు లేచాడు.

ఆ కేకు హాలు కమిటీ అధ్యక్షురాలు మిసెస్ లార్టర్ కోసం తెచ్చింది. శీతాకాలమంతా హాలు ఊరికే ఇవ్వాలో వద్దో తేల్చడానికి ఆవిడ ఆ సాయంత్రమే క్లాసు చూడ్డానికి వస్తోంది. హాలు పోతే క్లాసు పోయినట్టే. హెడ్లీ వంటింట్లో ఇద్దరికి మించి పట్టరు.

రిటైరయ్యేదాకా ఆయన ఇంగ్లండులో థెట్‌ఫర్డ్ ఊరి బస్సు నడిపాడు. కోళ్ల ఫ్యాక్టరీకి పోయే లిథువేనియా వాళ్లూ పోర్చుగీసు వాళ్లూ టికెట్టుకి వేళ్లు చూపిస్తుంటే, ఎర్రదీపం పడ్డప్పుడల్లా ఒక్కో మాట నేర్పేవాడు. పచ్చదీపం వచ్చినా పాఠం తెమిలేది కాదు. వెనక కార్లవాళ్లు హారన్లు మోగించేవారు. స్టీరింగు వదిలాడు గానీ ఆ అలవాటు వదల్లేదు.

"నేను, నువ్వు అన్నప్పుడు మామూలుగా చెప్పండి. అతను, ఆమె అన్నారంటే మాత్రం సిట్ కాదు, సిట్స్ అని చివర పాములా బుస్సుమనాలి," అనేవాడు. క్లాసంతా బుసలు కొట్టేది. "ఇంగ్ వినబడిందా, ఆ పని ఇప్పుడే, మీ కళ్లముందే జరుగుతోందన్నమాట."

ఈ రెండోది లిథువేనియా నుంచి వచ్చిన డనూతెకి బాగా ఒంటబట్టింది.

మిసెస్ లార్టర్ వచ్చింది. కేకు లేని టీ తాగింది. బుసలు విని నవ్వింది. చివరికి రెండు మోకాళ్లూ చరుచుకుని, "సరే మరి, ఐ యామ్ గోయింగ్," అంది.

ఆ ఊళ్లో అసలు కబుర్లు మొదలయ్యేది ఈ మాట తర్వాతే. హెడ్లీ కుర్చీలో సర్దుకున్నాడు. ఆవిడా వెనక్కి చేరబడి, "నా తుంటి ఆపరేషన్ సంగతి చెప్పానా..." అని ఎత్తుకుంది.

అప్పటికే డనూతె ఆవిడ కోటు పట్టుకుని నిలబడి ఉంది. ఒక చెయ్యి తొడిగింది, రెండోదీ తొడిగింది. గొడుగు అందించి, మెల్లగా నడిపించి, తలుపు తీసింది. "షి ఈజ్ గోయింగ్," అని క్లాసుకి చెప్పి తలుపు వేసింది. తుంటి కథతో సహా మిసెస్ లార్టర్ వానలో ఉంది.

అందరి మొహాలూ చూసి డనూతె, "తప్పు చెప్పానా సార్?" అంది.

"లేదమ్మా. ఒక్క పొల్లు తప్పు లేదు," అన్నాడు హెడ్లీ, హాలు నాలుగు గోడలూ ఆఖరిసారి చూసుకుంటున్నట్టు.

మర్నాడు మాంసం కొట్టు దగ్గర ఆవిడ ఆయన్ని దొరకబుచ్చుకుంది.

"హెడ్లీ, శీతాకాలానికి హాలు మీకే. నిన్ననే చెబుదామనుకున్నా, చెప్పనిస్తేగా. అది సరే, వెళ్తున్నానంటే మాత్రం నిజంగా పంపించేస్తారా ఎవరైనా? ఈ వయసులో నన్ను వానలో నిలబెట్టారు కదయ్యా."

హెడ్లీ సాసేజీల పొట్లం సంచిలో వేసుకున్నాడు.

"కొత్తమనిషి కదండీ, మిమ్మల్ని మాటమీద నిలబడేవాళ్లనుకుంది."