విల్లుకూ కొలతలుంటాయి

నేను విల్లు కొనడానికి కారణం నా నోరే.

వెస్ట్‌మీడ్‌లో ఒక ఆస్పత్రి ల్యాబ్‌లో పద్దెనిమిదేళ్లుగా రక్తపు నమూనాలు పరీక్షిస్తున్నాను. పేరు చాముండేశ్వరి. అంత పొడుగు పేరు పలకలేక తోటివాళ్లు మొదటి వారంలోనే దాన్ని ‘ఈష్’ అని కత్తిరించారు. ఒకరోజు మధ్యాహ్నం భోజనాల గదిలో కూర వేడి చేసుకుంటూ ఉపన్యాసం మొదలుపెట్టాను. ఈ పరాయి దేశంలో కొనే మాంసంలో సారం లేదన్నాను. మా నంద్యాల వైపు కొండల్లో మేసిన మేక రుచే వేరన్నాను. అంతటితో ఆగినా బాగుండేది. మా తాత తన వేట తానే తెచ్చుకునేవాడని కూడా అన్నాను. నిజానికి మా తాత జీవితంలో ఒకే ఒక్క కౌజుపిట్టను చంపాడు. అదీ ఆయన లూనా చక్రం కిందికి దానంతట అది వచ్చి పడితే.

నా పక్క బల్ల దగ్గర పనిచేసే డెబ్బీ చెవులు రిక్కించింది. ఆమె, ఆమె భర్త గ్రెగ్ శని ఆదివారాల్లో విల్లుతో వేటకు వెళ్తారు. మడ్జీ దగ్గర ఆమె అన్నయ్యకు పొలం ఉంది.

“కుందేళ్లు గడ్డంతా తినేస్తున్నాయని అన్నయ్య మొత్తుకుంటున్నాడు. నువ్వూ రా, ఈష్. నీ కూర నువ్వే తెచ్చుకో” అంది.

గదిలో అందరూ నా వైపు చూశారు. “ఎందుకు రాను?” అనేశాను. అప్పటికి నాకు నలభై ఏడేళ్లు. అంతవరకూ నేను గురిచూసి కొట్టినవి బొద్దింకలు మాత్రమే. వాటిలోనూ సగం తప్పించుకునేవి.

కొనేముందు విల్లుల దుకాణానికి వెళ్లి కొలతలు తీయించుకోమని డెబ్బీ రెండుసార్లు చెప్పింది. నేను వినలేదు. చీరకు సైజు ఏముంటుంది, విల్లూ అంతే అనుకున్నాను. సెకండ్‌హ్యాండ్ సామాన్లు అమ్మే సైట్‌లో నలుపు మీద ఊదారంగు గీతలున్న కాంపౌండ్ విల్లు ఒకటి కనిపించింది. ఆ ఊదారంగు దగ్గరే నా పరిశోధన పూర్తయింది. అమ్మే మనిషి పెన్‌రిత్‌లో ఉంటాడు. తన గరాజ్ తలుపు కింద తానే తల వంచి నడిచేంత పొడగరి. నన్ను కిందికి చూసి, “ఇది మీకేనా?” అని అడిగాడు. “అవును” అని నేను గట్టిగా అనేసరికి డబ్బు తీసుకుని కారులో పెట్టేశాడు.

కెల్లీవిల్‌లో మా ఇంట్లో దాన్ని సోఫా మీద పెట్టాను. మా ఆయన విజయభాస్కర్ బ్యాంకు నుంచి వచ్చి చూశాడు.

“ఏందిమే ఇది?”

“విల్లు.”

“అది కనపడ్తానే ఉంది. ఎందుకు?”

“వేటకు.”

ఆయన టై వదులు చేసుకున్నాడు. “పెండిల్ హిల్‌లో మటన్ షాపు మూసేసినారా?”

పదకొండో తరగతి చదివే మా అమ్మాయి లిఖిత మెట్ల మీద నుంచి తొంగిచూసి, “మమ్, ఆర్ యూ ఓకే?” అంది.

మర్నాడు గరాజ్‌లో సాధన మొదలుపెట్టాను. కాంపౌండ్ విల్లుకు రెండు చివర్లా బావిగిలకల్లాంటి చక్రాలుంటాయి. నారి లాగుతుంటే మొదట బరువంతా చేతిమీద పడుతుంది. చక్రాలు తిరిగి ఒక చోటు దాటాక తేలికైపోతుంది. వీడియోల్లో మగవాళ్లు కిటికీ కర్టెన్ లాగినట్టు లాగేశారు. నా నారి మాత్రం జానెడు దూరం కూడా కదల్లేదు. వాషింగ్ మెషీన్‌కు కాలు తన్నిపెట్టి లాగాను. వాషింగ్ మెషీన్ కదిలింది. చివరికి మా ఆయన్ను పిలిచాను. ఆయన వెనక నిలబడి, నాతోపాటు నారి పట్టుకుని, “వన్, టూ, త్రీ” అన్నాడు. నారి నా చెవి దాకా వచ్చింది. తేలికపడే చోటు మాత్రం రాలేదు. ఎలా వస్తుంది? అది ఆరడుగుల మనిషి చేతులకు సరిపడే విల్లు. నా చెయ్యి జారింది, ఆయన చెయ్యీ జారింది.

బాణం లేకుండా నారి వదిలితే ఆ బలమంతా తిరిగి విల్లుకే తగులుతుందని నాకు ఆ క్షణాన తెలిసింది. తుపాకీ పేలినట్టు మోత వచ్చింది. నారి చక్రం మీంచి ఊడిపోయింది, విల్లు పైకొమ్మ నిలువునా చీలింది. వెళ్తూ వెళ్తూ నారి నా ముంజేతిని చరిచింది. అక్కడ కమిలిన రంగు విల్లు మీది గీతలకు సరిగ్గా మ్యాచ్ అయింది.

“అంతా బాగానే ఉందా?” అని కంచె అవతలి నుంచి పక్కింటావిడ కేక వేసింది.

“వంట చేస్తున్నాం” అని మా ఆయన గరాజ్‌లోంచి జవాబిచ్చాడు.

ఆ శనివారం విరిగిన విల్లును పాత దుప్పట్లో చుట్టుకుని దుకాణానికి వెళ్లాను. దుకాణం నడిపే శాండ్రాకు అరవై దాటాయి. చీలిన కొమ్మను వేలితో తడిమి, “బాణం లేకుండా వదిలావా?” అంది.

“నేను కాదు, మా కజిన్ వదిలింది.”

ఆమె నా ముంజేతిని చూసింది. “మీ కజిన్ చేతికి ఐసు పెట్టు” అంది.

తర్వాత నన్ను గోడకు ఆనించి, చేతులు బార్లా చాపించి టేపు పెట్టింది. వచ్చిన కొలతను రెండున్నరతో భాగించింది. “నువ్వు లాగాల్సిన పొడవు ఇరవై నాలుగున్నర అంగుళాలు. ఇది ఇరవై తొమ్మిది అంగుళాలది. మీ ఇద్దరికీ ఎక్కడా కుదరదు.”

రెండు అరచేతులూ ముందుకు చాచి, మధ్యలో చిన్న సందు ఉంచి, అందులోంచి గోడగడియారం చూడమంది. కుడికన్ను మూస్తే గడియారం అక్కడే ఉంది. ఎడమకన్ను మూస్తే మాయమైంది.

“నీకు గురి చూసేది ఎడమకన్ను. ఎడమచేతివాటం విల్లు తీసుకో. కుడిచేత్తో పట్టుకుని ఎడమచేత్తో లాగుతావు.”

“నేను కుడిచేతివాటం మనిషిని. ఎడమచేత్తో ఎవరికీ ఏదీ ఇవ్వను కూడా” అన్నాను.

“నువ్వేమీ ఇవ్వక్కర్లేదు, లాగితే చాలు” అంది శాండ్రా.

తర్వాత నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, పాదాలు నేల మీంచి ఎత్తించింది. విల్లును ఆకాశంలోకి లేపకుండా, ఎదురుగా పెట్టి మెల్లగా లాగాలి. అలా ఎన్ని పౌన్ల బిగువు లాగగలిగితే నాకు అంత విల్లేనట. కుందేళ్లు, మేకల వేటకని చెప్పి నేను అరవై పౌన్లన్నాను. ఆమె వినిపించుకోకుండా నలభై ఐదు ఇచ్చింది. నారి కదల్లేదు గానీ నేను స్టూలు మీంచి లేచాను. నలభై దగ్గర గడ్డం పైకి లేచింది, ముప్పై ఐదు దగ్గర నాలుక బయటికొచ్చింది. ముప్పై దగ్గర నారి తిన్నగా, బుద్ధిగా వచ్చి నా దవడ పక్కన ఆగింది. ఒక్కసారిగా చేతిమీది బరువంతా దిగిపోయింది. నాకు నవ్వొచ్చేసింది.

“వేటకు ఇది చాలదు. ఈ మరలు బిగించుకుంటూ మెల్లగా పెంచుకో. నలభై దాకా వస్తే కుందేలుకు నేను ఒప్పుకుంటాను. మేకల సంగతి ఇప్పట్లో తలుచుకోకు.”

ఆమె చేతిలో పెట్టిన విల్లు బురదరంగుది. పక్కనే గురి చూస్తున్న పదేళ్ల పిల్ల చేతిలోనూ సరిగ్గా అదే ఉంది. ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసి, “ఇది నీ మొదటిదా? నాది రెండోది” అంది. ఊదారంగులో ఏమైనా ఉన్నాయా అని అడిగాను. కుందేలు రంగు చూసి మెచ్చుకోదని శాండ్రా అంది. బురదరంగుదే కొన్నాను.

ఏడు నెలలు ప్రతి ఆదివారం ఉదయం విలువిద్య క్లబ్‌కు వెళ్లాను. మొదటి రెండు నెలలూ బాణాలు వేసిన సమయం కంటే, నాట్లు వేసేదానిలా వంగి గడ్డిలో వాటిని వెతికిన సమయమే ఎక్కువ. ఎడమచేతికి పని బాగా అలవాటైంది. ఎంతగా అంటే, ఒకరోజు గుడిలో ప్రసాదానికి అదే ముందు చాపాను. పూజారి చెంచా గాల్లో ఆపేశాడు. మొత్తానికి విల్లు నలభైకి చేరింది. ఇరవై మీటర్ల లోపల నా బాణాలన్నీ ఒక సాసర్‌లో పట్టేంత దగ్గరగా పడేవి. ఆ దూరం దాటితే వేయనని డెబ్బీకి మాట ఇచ్చాను.

సెప్టెంబర్లో డెబ్బీ, గ్రెగ్‌లతో మడ్జీ వెళ్లాను. మొదటిరోజు డెబ్బీ వెనకే గంటసేపు పిల్లిలా నడిచాను. కుందేళ్లు కనపడగానే ఆమె చెయ్యెత్తి ఆగింది. సరిగ్గా అప్పుడే నా నోట్లో కరకరమని శబ్దం. కుందేళ్లు తలా ఒక దిక్కుకు పారిపోయాయి.

“ఏంటది, ఈష్?”

“మురుకులు.”

డెబ్బీ బాణాన్ని మళ్లీ అమ్ములపొదిలో పెట్టేసింది. తర్వాత చెయ్యి చాపి రెండు మురుకులు తీసుకుంది.

రెండోరోజు మధ్యాహ్నం పడిపోయిన చెట్టు మాను వెనక, గాలికి ఎదురుగా కూర్చున్నాం. ఒక కుందేలు పొదలోంచి బయటికొచ్చి గడ్డి కొరుకుతోంది. పదిహేను మీటర్లుంటుంది. నారి లాగి, ఎడమకంటితో చూసి వదిలాను. కుందేలు పడింది, ఒకసారి కాళ్లు తన్నుకుంది, కదలడం ఆగిపోయింది.

ఎగిరి గంతేస్తానని అనుకున్నాను. తీరా దాని దగ్గరికి వెళ్లి పక్కనే చతికిలబడ్డాను. డెబ్బీ నా వీపు మీద చెయ్యి వేసి, “మంచి దెబ్బ” అని మెల్లగా అంది. పద్దెనిమిదేళ్లుగా చూస్తున్న రక్తమే. కానీ నేను చూసేది చల్లగా గాజుగొట్టంలో, పేరు రాసిన చీటీతో వచ్చేది. ఇది నా వేళ్లకు వెచ్చగా తగిలింది. చర్మం ఎలా తీయాలో డెబ్బీ చూపించింది. నేనే తీశాను. కళ్లు తుడుచుకోవడానికి రెండుసార్లు ఆగాను.

సాయంత్రం క్యాంపు స్టవ్ మీద, ఇంటి నుంచి తెచ్చిన మసాలాతో వండాను. కోడికూరలాగే అరగంటలో దించేశాను. ముగ్గురం నమలడం మొదలుపెట్టాం. చాలాసేపటికి గ్రెగ్ తలూపి, “రుచి అద్భుతం. మొదటి ముక్క ఇంకా నములుతున్నా” అన్నాడు.

ఇంటికి వచ్చాక లిఖిత నా గదిలోకి వచ్చి మంచం చివర కూర్చుంది. “డిడ్ ఇట్ సఫర్, మమ్?” అని అడిగింది.

“ఒక్కసారి తన్నుకుంది, అంతే. నేను చూస్తానే ఉండాను” అన్నాను. దాని దగ్గర గొప్పలు చెప్పాలనిపించలేదు.

అది దుప్పటి అంచు మడిచింది. “విల్ యూ గో అగైన్?”

“పోతాను” అన్నాను. “ఈసారి కుక్కర్ పెట్టుకోని.”