కూర్మమ్మ అయిదు రౌండ్లు

బరంపురం పెద్దబజారులో చింతపండు, ఎండుమిరప టోకు కొట్టు ఆదినారాయణది. ఆయన ఒక్కగానొక్క కూతురు కూర్మమ్మ. శ్రీకూర్మం దేవుడికి మొక్కుకుంటే పుట్టిందని ఆ పేరు పెట్టారు. ఎం.సి.ఎ. చదివినా పేరు మారలేదు, నోరూ పెగల్లేదు. పాత బస్టాండు దగ్గర కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పేది. అక్కడ కూడా బోర్డు వైపు తిరిగితేనే గొంతు వినబడేదని పిల్లలు అనేవారు.

అలాంటి కూర్మమ్మ ఒక బెంగళూరు కంపెనీకి దరఖాస్తు పెట్టింది. ఇంట్లో కూర్చుని ప్రోగ్రాములు రాసే ఉద్యోగం. ఊరు వదలకుండా, ఎవరి ఎదుటా నిలబడకుండా, వచ్చిన విద్యతో బతకడం తప్ప ఆమెకు వేరే కోరిక లేదు. అయిదు రౌండ్లుంటాయని కంపెనీ రాసింది. పిల్లని చూసుకోవడానికి వచ్చేవాళ్ళు కూడా రెండుసార్లలో తేల్చేస్తారు కదా అని ఆదినారాయణ ఆశ్చర్యపోయాడు.

మొదటి రౌండు ఫోనులో. హెచ్.ఆర్. మేడమ్ ఆమెను "కుర్మా" అని పిలిచింది. పరాటాలోకి నంజుకునేది అదని చెప్పడానికి మొహమాటపడి, మిగతా రౌండ్లన్నిటికీ కూర్మమ్మ కుర్మాగానే హాజరైంది.

రెండోది కెమెరా ముందు రాసే పరీక్ష. ఇంట్లో సిగ్నలు అందేది ఒక్క దేవుడి గదిలోనే. మొదలెట్టిన రెండు నిమిషాలకే, గదిలో రెండో మనిషి ఉన్నట్టు తెలిసిందని తెర మీద ఎర్ర అక్షరాలు. వెనక్కి చూస్తే క్యాలెండరులో లక్ష్మీదేవి. అమ్మవారు చూచిరాతకు సాయం చేస్తోందని కంపెనీకి అనుమానం. కూర్మమ్మ తల్లి జయలక్ష్మి చెంపలేసుకుని, క్యాలెండరు మొహం గోడకు తిప్పింది.

మూడోది ఇంటి పని. చిల్లర దుకాణదారులు నోటితో చెబితే సరుకుల ఆర్డరు తీసుకునే ప్రోగ్రాము వారంలో రాసి పంపాలి. ఇది పరీక్ష కోసమేనని, ఎక్కడా వాడబోమని కింద చిన్న అక్షరాల్లో ఉంది. కూర్మమ్మ ప్రోగ్రాము రాసి, అది పలకాల్సిన మాటలు తన గొంతుతోనే రికార్డు చేసింది. తలుపు వేసుకుంటే ఆమె గొంతు గంటలా మోగుతుంది. "ఏమి కావాలి" అని అడిగితే పన్నుల ఆఫీసు వాళ్ళనుకుని ఈ గంజాం జిల్లాలో దుకాణం మూసేస్తారు కాబట్టి "ఏటి కావాలి?" అంది. ఇంకొకటీ చేర్చింది. వాళ్ళ కొట్టుకొచ్చే ముసలివాళ్ళు ఎదుట ఉన్నది ఎవరి పిల్లో తెలుసుకోకుండా సరుకు పేరెత్తరు. రేపు యంత్రాన్నీ అదే అడుగుతారని దానికో జవాబు పెట్టింది.

నాలుగో రౌండులో ముగ్గురు పెద్దలు ప్రోగ్రామును మెచ్చుకున్నారు. హెచ్.ఆర్. మేడమ్ మాత్రం, వెంటనే చేరగలిగే వాళ్ళే కావాలని, ఇంకోచోట పనిలో ఉంటే కష్టమని చెప్పింది. కూర్మమ్మ ఆ సాయంత్రమే సెంటర్లో రాజీనామా ఇచ్చింది.

"ఉజ్జోగం వొచ్చీసిందేటమ్మా?" అని అడిగాడు సెంటర్ నడిపే కూర్మారావు మేష్టారు.

"అయిదో రౌండుంది సార్. అది ఉత్త కబుర్లకేనట."

ఆ కబుర్లు చెప్పడానికి వచ్చినవాడు గుండ్రని మెడ బనీనులో, వెనకాల గిటారుతో కూర్చున్నాడు. తెలుగువాడే గాని తెలుగును ఇంగ్లీషులో మాట్లాడతాడు. మీరు జంతువైతే ఏ జంతువవుతారని అడిగాడు. తన పేరుకి అర్థమే తాబేలని కూర్మమ్మ నిజం చెప్పింది. అతను నవ్వకుండా ఏదో రాసుకున్నాడు. తరువాత, "ఏటి" అనేది తప్పు తెలుగని, ఎవరి పిల్లవని అడిగితే యంత్రం జవాబివ్వడం వృత్తికి తగని పని అని పాఠం చెప్పాడు.

మూడో రోజు ఉత్తరం వచ్చింది. వేగంగా పరుగెత్తే తమ సంస్థకు ఆమె సరిపోదట. ఆమె వివరాలు మాత్రం తమ దగ్గర భద్రంగా ఉంచుకుంటారట. అప్పటికే సెంటర్లో ఆమె కుర్చీలో ఇంకొకరు కూర్చున్నారు. కూర్మమ్మ తండ్రి కొట్లో కాటా దగ్గర, మిరప బస్తాల చాటున నిలబడింది.

అయిదు నెలలకు, విశాఖపట్నం నుంచి మెడలో బిళ్ళ వేలాడదీసుకుని ఒక అమ్మకాల కుర్రవాడు కొట్లోకి వచ్చాడు. ఇక నోటితో చెబితే చాలు, ఆర్డరు ఫోనే తీసుకుంటుందన్నాడు. గంజాం భాష మీద తమవాళ్ళు ఆరు నెలలు పరిశోధన చేశారని కూడా అన్నాడు. అప్పుడే దిగపహండి బస్సు దిగి వచ్చింది తవిటమ్మ. అక్కడి సంతలో చిన్న దుకాణం ఆమెది. కుర్రవాడు ఫోను ఆమె నోటి దగ్గర పెట్టాడు.

తవిటమ్మ దాన్ని కిందా మీదా చూసింది. "ఎవుల గుంటవే నువ్వు?"

"ఆదినారాయణ గారి కూర్మమ్మని మామ్మా. ఏటి కావాలి?" అంది ఫోను.

కూర్మమ్మ మిరప బస్తాల చాటుకు ఇంకాస్త జరిగింది.

తవిటమ్మ బస్తాల వైపు చూసింది. "ఇక్కడే ఉన్నావు కదే, అందులోకి ఎప్పుడెల్లిపోనావు?"

ఆదినారాయణ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "బాబూ, మా పిల్ల మీకు సరిపోదని రాసినారు. గొంతు సరిపోయిందేటి?"

కుర్రవాడు ఫోను జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు హెచ్.ఆర్. మేడమ్ ఫోను చేసింది. ఏదో పొరపాటు జరిగిందని, కుర్మా గారిని మళ్ళీ పరిశీలిస్తామని, ఈసారి మూడు రౌండ్లేనని, ముందుగా తన గురించి తాను చెప్పాలని అంది.

మనిషి ఎదురుగా లేకపోవడం కూర్మమ్మకు కలిసొచ్చింది. "మాకూ ఒక రౌండుందండీ. మీరెవరి పిల్ల?" అని అడిగింది. అవతల కీబోర్డు మీద ఏదో వెతుకుతున్న టకటక. "సరే, మీ వివరాలు మా దగ్గర భద్రంగా ఉంచుకుంటాం," అని కూర్మమ్మ ఫోను పెట్టేసింది.

కోరుకున్న ఉద్యోగం అలా పోయింది. కూర్మారావు మేష్టారు సాయంత్రం బ్యాచి ఒకటి ఇచ్చాడు. రేపటి నుంచి వస్తావా అని అడిగాడు, అంతే ఆయన రౌండు.

వారం తిరక్కుండా కంపెనీ ఫోనులో గొంతు మార్చింది. ఆ ఫోను పెట్టించుకున్న ఎదురుకొట్లో తవిటమ్మ కొత్త గొంతునీ అదే మాట అడిగింది. "క్షమించండి, మీ ప్రశ్న అర్థం కాలేదు," అందది.

"ఎవులూ నేని గుంటనాగుంది, పాపం," అంటూ తవిటమ్మ రోడ్డు దాటి వచ్చి, కాటా ముందు సంచి పరిచింది. "నువ్వే తూచవే కూర్మమ్మా."