మూడు కంప్యూటర్ల సహపంక్తి

ఆ రోజుల్లో నాకు రెండు నమ్మకాలుండేవి. ప్రపంచంలో కారణం లేకుండా ఏదీ జరగదన్నది ఒకటి. ఆ కారణం అందరికంటే ముందు నాకే తెలుస్తుందన్నది రెండోది. మొదటిది ఇవాళ్టికీ చెక్కుచెదరలేదు. రెండోదానికి మాత్రం దోహాలో, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ ప్రాంతంలో మేం కలిసి అద్దెకున్న విల్లాలో, ఒక శుక్రవారం నాడు గట్టి దెబ్బ తగిలింది. ఇప్పుడు ఫరీజ్ బిన్ మహమూద్‌లోని మా ఫ్లాట్‌లో మా అమ్మాయి సోఫాలో పడుకుని ఫోన్‌లోని బొమ్మను వేలితో ఒక్క తోపు తోస్తుంది, అది గోడమీది టీవీలో ప్రత్యక్షమవుతుంది. (ప్రత్యక్షమవడం లాంటి మాటలు నేను వాడకూడదు. ఎంత జాగ్రత్తపడ్డా దొర్లుతుంటాయి.) "ఇందులో విశేషమేముంది నాన్నా" అంటుంది. ఆ విశేషం చెప్పడానికే ఇదంతా.

నేను కాలేజీలో చర్చావేదికల మీద పెరిగినవాణ్ణి. వాస్తు, జాతకం, చేతబడి, ఏది దొరికితే దాన్ని చీల్చి చెండాడేవాళ్ళం. ఒక గ్రహణం వేళ అందరూ చూసేలా కాలేజీ మెట్ల మీద కూర్చుని ఇడ్లీలు తిన్నాం. ఆకలి లేకపోయినా సిద్ధాంతం కోసం నేను నాలుగు ఎక్కువే తిన్నాను. ఆ సాయంత్రమంతా కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయి, ఎవరికీ చెప్పకుండా దుప్పటి కప్పుకుని పడుకున్నాను. అలాంటివాణ్ణి ఒక కాంట్రాక్టింగ్ కంపెనీలో కంప్యూటర్ల పని మీద ఖతర్ వచ్చి, చూసి చూసి సిద్ధాంతి గారున్న విల్లాలో దిగాను. ఆయన అసలు పని అకౌంట్స్, ఊరు కాకినాడ. పంచాంగం చూడకుండా చెప్పులు కూడా కొనేవారు కాదు కాబట్టి ఆ పేరు పెట్టాం. హాల్లో టీవీకి కలిపి ఉన్న పాత విండోస్ డెస్క్‌టాప్ ఆయనదే. దానికి రోజూ అగరొత్తి వెలిగేది. మేడమీద ప్లైవుడ్ పార్టిషన్ గదిలో హైదరాబాద్ కుర్రాడొకడుండేవాడు, ప్రకటనల బొమ్మలు గీసే ఉద్యోగం, మేం 'రంగులు' అని పిలిచేవాళ్ళం. వాడిది పెద్ద తెర ఉన్న మ్యాక్. దానిమీద ఎవరి ఊపిరి పడినా తుడిచేవాడు. నాది లినక్స్ వేసుకున్న ల్యాప్‌టాప్. విజ్ఞానం అందరి సొత్తు, ఒక్క కంపెనీ చేతిలో ఉండకూడదన్నది నా వాదన. ఆ వాదన పుణ్యమా అని (చూశారా, మళ్ళీ) నా ల్యాప్‌టాప్‌ను టీవీకి తగిలిస్తే బొమ్మ వచ్చేది కాదు, ఉత్త నీలం తెర వచ్చేది. ఆ మతంలో కొత్తగా చేరినవాళ్ళందరికీ ఉండే కష్టమే అది, బయటికి చెప్పుకునేవాళ్ళం కాదు.

ఒకే కప్పు కింద ఉన్నా ఈ మూడు కంప్యూటర్లకూ పొత్తు కుదిరేది కాదు. ఒకదాని డిస్క్ ఇంకొకటి ముట్టుకోదు, ఒకటి వండిన ఫైలు ఇంకొకటి తినదు. మా పూర్వపు సంఘసంస్కర్తలు అన్ని కులాలవాళ్ళనూ ఒకే వరసలో కూర్చోబెట్టి అన్నం పెట్టినట్టు, వీటిని ఒకే నెట్‌వర్క్‌లో కూర్చోబెట్టి ఫైళ్ళు పంచిపెట్టాలని నాకు చాలా కాలంగా కోరిక. అవసరం లేక ఆగింది. ఆ అవసరాన్ని జగిత్యాలన్న తెచ్చాడు.

జగిత్యాలన్న మా కంపెనీలోనే షట్టరింగ్ పని చేసేవాడు, ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపులో ఉండేవాడు. చెల్లెలి పెళ్ళికి సెలవు అడిగాడు. స్లాబులు పోసే సమయం కాబట్టి కంపెనీ 'మాఫీ' అంది, అరబ్బీలో లేదని. అన్న లేకుండానే పెళ్ళి జరిగిపోయింది. ఆ తర్వాత ఊరినుంచి వచ్చినవాడొకడు పెళ్ళి వీడియో ఉన్న హార్డ్ డిస్క్ తెచ్చిచ్చాడు. అది వీడియో తీసినవాడిది, శనివారమే ఇంకొకడు ఇండియా వెళ్తూ తీసుకుపోవాలి. ఆ మధ్యలో ఉన్నది ఆ ఒక్క శుక్రవారం. ముందురోజు అన్న ఆఫీసుకు వచ్చి డిస్క్‌ను జేబురుమాలులో చుట్టి నా చేతిలో పెట్టాడు.

"తమ్మీ, మీ ఇంట్ల పెద్ద టీవీ ఉన్నదంట గదా. మా ఊరోళ్ళు, పక్కూరోళ్ళు కొందరు వస్తమంటున్నరు. ఫోన్ల ఫోటోలు చూసిన గని, మా చెల్లె ముచ్చట ఇనవడాలె. అయితదా?"

"ఎందుకు కాదన్నా" అన్నాను. ఎలా అవుతుందో అప్పటికి నేనింకా ఆలోచించలేదు.

శుక్రవారం పొద్దున సిద్ధాంతి గారు డిస్క్‌ను కళ్ళకద్దుకుని తన డెస్క్‌టాప్‌కు తగిలించారు. వీడియో తీసినవాడు మ్యాక్ వాడతాడేమో, డిస్క్ ఆ పద్ధతిలోనే ఉంది. విండోస్‌కు అందులో ఏమీ కనబడలేదు. వాడుకోవాలంటే ఫార్మాట్ చేయాలి, చేయమంటారా అని అడిగింది. అంటే మొత్తం తుడిచేయమంటారా అని. సిద్ధాంతి గారు మర్యాదస్థులు, ఎవరేమడిగినా ముందు సరేననే రకం. బాణం గుర్తు 'సరే' మీదికి వెళ్ళడం చూసి నేను చేతిలోని టీ గ్లాసు వదిలేసి ఆయన మణికట్టు పట్టుకున్నాను. టీ ఆయన లుంగీ మీద పడింది, పెళ్ళి బతికింది.

"అదే అడిగింది కదండీ, చేయమంటారా అని" అన్నారాయన లుంగీ దులుపుకుంటూ.

డిస్క్‌ను మేడమీదికి తీసుకెళ్ళి మ్యాక్‌కు తగిలిస్తే వీడియో శుభ్రంగా కనబడింది. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిద్దామంటే ఫైలు మరీ పెద్దది, పట్టనంది. మ్యాక్‌నే టీవీకి కలపాలంటే దానికి వేరే తీగ కావాలి. శుక్రవారం జుమ్మా నమాజు అయ్యేదాకా దుకాణాలు తెరవరు. తెరిచాక వెళ్ళొచ్చు కదా అని మీరడగొచ్చు. రంగులు కూడా అదే అన్నాడు. "అన్నా, ఎందుకు పరేషాన్, మధ్యాహ్నం పోయి వైరు కొనుక్కొస్తా, ఖల్లాస్." కానీ నాలోని సంస్కర్త అప్పటికే నిద్రలేచాడు. మేడమీది మ్యాక్ నుంచి కింది విండోస్‌కు నెట్‌వర్క్ మీదుగానే ఫైలు పంపాలి, సహపంక్తి జరిగి తీరాలి అన్నాను. మేడమీది కిటికీలోంచి హాలు కిటికీలోకి నీలం కేబుల్ జారవిడిచాం. బట్టలారేసే తాడనుకుని పక్క విల్లా కేరళ ఆంటీ దానిమీద తువ్వాలు వేసి వెళ్ళింది.

సిద్ధాంతి గారు పంచాంగంలోంచి తలెత్తి, "మాస్టారూ, కాసేపాగండి. రాహుకాలం నడుస్తోంది" అన్నారు. ఆయన నన్ను మాస్టారూ అనేది గౌరవంతో కాదు, నా ఉపన్యాసాలు భరించలేక.

"అయితే ఇప్పుడే మొదలుపెడతాను" అన్నాను. "సముద్రం దాటి రావడానికి మీకూ నాకూ వీసా కావాల్సొచ్చిందే, మీ రాహువుకు ఎవరిచ్చారు?"

"ఆయన మన స్పాన్సర్ల చేతిలో లేడండీ" అన్నారాయన ప్రశాంతంగా.

మొదలుపెట్టాను. విండోస్‌లో ఫోల్డర్ తెరిచి ఉంచాను, పేరు పెట్టాను, పాస్‌వర్డ్ పెట్టాను. మ్యాక్ ఆ గుమ్మం దాకా వెళ్ళింది. పేరు అడిగితే చెప్పింది, పాస్‌వర్డ్ అడిగితే చెప్పింది. తప్పు అంది విండోస్. మళ్ళీ చెప్పింది. మళ్ళీ తప్పంది. పాస్‌వర్డ్ మార్చాను, తేలికది పెట్టాను, ఆఖరికి ఒక్క అక్షరం పెట్టాను. కేబుల్ మార్చాను. నా లినక్స్‌ను మధ్యవర్తిగా పంపాను. మ్యాకూ లినక్సూ క్షణంలో కలిసిపోయి ఫైళ్ళు ఇచ్చిపుచ్చుకున్నాయి; విండోస్ గుమ్మం దగ్గర మాత్రం రెంటికీ ఒకటే జవాబు. మెట్లెక్కి దిగి, ఎక్కి దిగి, నా చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. "దీనికి మడి ఎక్కువైంది" అన్నాను.

"నా కంప్యూటర్‌నంటే నన్నన్నట్టేనండీ" అన్నారు సిద్ధాంతి గారు. నన్ను చూసి జాలిపడి, డెస్క్‌టాప్ పక్కన ఒక నిమ్మకాయ పెట్టి వెళ్ళారు. దాన్ని కోసి షర్బత్ చేసుకుని తాగాను.

భోజనాల వేళ దాటాక జగిత్యాలన్న వచ్చాడు. వెంట క్యాంపు మనుషులు, అందరూ ఇస్త్రీ చొక్కాలతో, అత్తరు రాసుకుని, నిజంగా పెళ్ళికి వచ్చినట్టే వచ్చారు. ఒకడి చేతిలో మిఠాయి డబ్బా కూడా ఉంది. కార్పెట్ మీద వరసగా కూర్చుని నీలం కేబుల్ వంకా నా వంకా చూడసాగారు. ఐదు నిమిషాలన్నాను. చాలాసార్లన్నాను. నమాజు అయ్యాక వెళ్ళిన రంగులు తీగ లేకుండానే తిరిగొచ్చాడు, ఆ రకం దొరకలేదట. ఇప్పుడిక సిద్ధాంతానికి కాదు, జేబురుమాలులో చుట్టి నా చేతిలో పెట్టిన మనిషికి జవాబు చెప్పాలి. డెస్క్‌టాప్ ముందు కూర్చుని ఆ ఒక్క అక్షరం పాస్‌వర్డ్ కూడా తప్పు కొట్టాను.

జగిత్యాలన్న నా భుజం మీదుగా తెర వైపు వంగాడు. అంతలోనే గభాలున నిలబడ్డాడు.

"అరె, లేవుండ్రి, లేవుండ్రి. ఆరు గంటల క్యాంపు బస్సు పోయినట్టే. ఆరున్నర అయింది."

మనుషులు చెప్పుల కోసం పరుగెత్తారు. నేను కిటికీలోంచి చూశాను. ఎండ తువ్వాలు మీద భగభగ మండుతోంది. చేతి గడియారం చూసుకున్నాను, నాలుగు. డెస్క్‌టాప్ మూల చూశాను, ఆరున్నర.

"సిద్ధాంతి గారూ, ఈ టైమేంటి?"

"అది ఇండియా టైమండీ" అన్నారాయన, అందులో అడగాల్సిందేముందన్నట్టు. "జాతకం అక్కడ పుట్టింది కదా, రాహుకాలమైనా వర్జ్యమైనా అక్కడి లెక్కే చూడాలి. ఇక్కడి టైము నుంచి కూడుకోవడం కష్టంగా ఉందని గడియారమే ముందుకు తిప్పేశాను."

నేను కుర్చీలో కూలబడ్డాను. కంప్యూటర్లు ఒకదాన్నొకటి పలకరించేటప్పుడు ఉత్త పాస్‌వర్డ్ చెప్పవు, తమ గడియారంలోని సమయాన్ని కూడా అందులో కలిపి చెబుతాయి. ఎప్పటిదో పలకరింపును దొంగిలించి ఎవడో వల్లిస్తున్నాడా అన్న అనుమానం తీర్చుకోవడానికి ఆ ఏర్పాటు. మ్యాక్ దోహాలో ఉండి దోహా సమయం చెబుతోంది. సిద్ధాంతి గారి విండోస్ ఒళ్ళు దోహాలో, మనసు కాకినాడలో పెట్టుకుని కూర్చుంది. వచ్చినవాణ్ణల్లా పాతకాలపు దొంగ అనుకుని, తప్పు తప్పు అని తరిమేస్తోంది. గడియారం సరిచేశాను. మేడమీదినుంచి రంగులు అరిచాడు, "అన్నా, లోపలికి పోయింది, కాపీ అయితుంది." ఆ మాట విని హాల్లో ఉన్నవాళ్ళు చెప్పులు విడిచి మళ్ళీ కూర్చున్నారు.

"అంటే పని మొదలెట్టేముందు టైము చూసుకోమనే కదండీ పొద్దుటినుంచి నేను చెప్తున్నది" అన్నారు సిద్ధాంతి గారు.

అది వేరు, ఇది వేరు అన్నాను. ఎలా వేరో చెప్పబోయేలోగా కాపీ పూర్తయి, టీవీలో పెళ్ళి మొదలైంది.

ఒక పెళ్ళిని అంత విచిత్రంగా చూసినవాళ్ళను నేను మళ్ళీ చూడలేదు. వధూవరుల వైపు ఎవరికీ ధ్యాస లేదు. భోజనాల వరసలు వచ్చినప్పుడల్లా కార్పెట్ మీదున్న మనుషులు మోకాళ్ళ మీద లేచేవాళ్ళు. "ఆపుండ్రి, ఆపుండ్రి. గా పచ్చ రుమాలు మా బాపు." "వెనుకకు తిప్పు సార్, మా పొల్ల ఉరుకుతున్నది సూడు, ఎంత పెద్దగయిందో." "ఈడు మా అల్లుడు, చెయ్యి కడుక్కోకుంటనే తింటున్నడు." రంగులు ఆపుతూ, తిప్పుతూ, మళ్ళీ ఆపుతూ ఉన్నాడు. చెల్లెలు కనబడ్డ చోట జగిత్యాలన్న నవ్వాడు, "ఏడ్వద్దని చెప్పిన, ఏడుస్తనే ఉన్నది" అన్నాడు, చేత్తో మూతి తుడుచుకున్నాడు. శుక్రవారం మధ్యాహ్నాలు కునుకు తీయకుండా ఉండలేని సిద్ధాంతి గారు కూడా, ఎవరో తెలియని ఒక ముసలాయన్ని చూపించి ఈయనెవరండీ అని ఆరా తీస్తున్నారు.

అప్పుడు నేనేం చేశానో చెప్పాలి. పొద్దుటినుంచి గొంతులో ఆగిపోయిన ఉపన్యాసం ఒకటుంది. బొమ్మ ఆపి ఉన్న సందు చూసుకుని లేచి టీవీ ముందు నిలబడ్డాను. మిత్రులారా అన్నాను. ఈ రోజు ఇక్కడ అద్భుతమేమీ జరగలేదు అన్నాను. ఒక గడియారం తప్పు, దానికొక కారణం, ఆ కారణాన్ని మనిషి బుద్ధి వెతికి పట్టుకుంది అన్నాను. (బస్సు భయం వెతికి పట్టుకుందని అనలేదు.) మూఢనమ్మకం మనుషులనే కాదు యంత్రాలను కూడా విడదీస్తుంది అన్నాను. ఇంకా చాలా ఉంది. అందరూ నా వైపే కళ్ళార్పకుండా చూస్తున్నారు. మెడలు చాచి మరీ చూస్తున్నారు. కాలేజీ వేదికల మీద కూడా అంత శ్రద్ధగా విన్నవాళ్ళు నాకు తగల్లేదు.

జగిత్యాలన్న చాలాసేపు మొహమాటపడి, చివరికి మెల్లగా అన్నాడు.

"తమ్మీ, జెర పక్కకు జరుగు. మా అవ్వ కనవడ్తలేదు."

జరిగాను. తెర మీద, నా నడుము ఉన్నచోట, ఒకావిడ విస్తరి ముందు కూర్చుని ముద్ద నోటిదాకా తెచ్చి ఆగి ఉంది. కెమెరా చూసి సిగ్గుపడ్డట్టుంది. ముందుకు తిప్పమని ఎవరూ అనలేదు.

అలా ఆపుకుంటూ చూస్తే పెళ్ళి తాళి దాకా రానేలేదు. కంపెనీ బస్సు నిజంగానే వచ్చి హారన్ కొట్టింది, "యల్లా, యల్లా" అనుకుంటూ అందరూ చెప్పులు వెతుక్కున్నారు. ఫైలు మా దగ్గరే ఉంది కాబట్టి మిగతా పెళ్ళి వచ్చే శుక్రవారం చేద్దామని జగిత్యాలన్న గుమ్మం దగ్గర చెప్పాడు. అలాగే చేశాం. అప్పుడు వచ్చినవాళ్ళు ఇంకా ఎక్కువ.

ఆ చొక్కా తడిసిన కుర్రాడి మీద నాకిప్పుడు కోపం లేదు. వాడు చెప్పింది ఒక్క ముక్కా అబద్ధం కాదు. ఇప్పటికీ ఆ మాటలే రాస్తున్నాను, అంత వేడిగానే రాస్తున్నాను. కాకపోతే నలుగురిలో మాట్లాడటానికి లేచినప్పుడు మొదటి మాట నోట్లోంచి వచ్చేముందు ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంటాను, నేను ఎవరికి అడ్డంగా నిలబడ్డానోనని.