నా జేబులో ఆయన బ్యాటరీ

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే అందరి జేబుల్లోకి వస్తున్న రోజులు. ఢిల్లీ విమానంలో నా పక్క సీటాయన బేతంచెర్ల బండల వ్యాపారి. ఫోన్లు ఆపకపోతే విమానానికి ప్రమాదమని ఎయిర్ హోస్టెస్ చెప్పగానే ఆయన తన ఫోను ఆపేసి, బ్యాటరీ ఊడదీసి నా చేతిలో పెట్టాడు.

"ఇది నీ కాడ పెట్టుకోప్పా."

"నా దగ్గరెందుకండీ?"

"మా గనిలో తూటాలు పేల్చేటప్పుడు అంతే. వైరు ఒకని కాడ, బ్యాటరీ ఇంకొకని కాడ. గుంతలో నుంచి అందురూ బయటికొచ్చినాకే రెండూ కలిపేది."

ఫోనుకూ తూటాకూ ఏం సంబంధమో నాకు అర్థం కాలేదు. అయినా బ్యాటరీ జేబులో వేసుకున్నాను.

ఢిల్లీలో చక్రాలు నేలను తాకాయో లేదో, చుట్టూ ఫోన్లు మోగాయి. వచ్చేశామని అందరూ అరుస్తున్నారు. నేను బ్యాటరీ తీసి ఇవ్వబోతే ఆయన పుచ్చుకోలేదు.

"ఇంగా మనుషులు లోపలే ఉండారు గదప్పా!"

విమానం ఖాళీ అయ్యేదాకా ఇద్దరం కూర్చునే ఉన్నాం. ఏమైనా పోగొట్టుకున్నారా అని ఎయిర్ హోస్టెస్ వచ్చి అడిగింది. నేను ఆయనవైపు చూశాను.

"నువ్వు గూడా దిగమ్మా," అన్నాడాయన, "మేము ఫోను కలపల్ల."