మంచు హాలు బయట కూర్చున్న ఆమె

ఎడారి దేశంలో, ఫర్వానియా ఊరి బస్సులో నేను, మా అక్క పిల్లలిద్దరు, పక్క సీట్లో కడప యాస మాట్లాడే ఒకామె. పిల్లలు మొదటిసారి మంచు మీద జారే స్నోబోర్డు ఎక్కబోతున్నారంటే నవ్వింది. మాల్‌లో కృత్రిమ మంచు హాలు ముందు మళ్లీ కనిపించింది. తను పనిచేసే ఇంటి పిల్లల కోసం కూర్చుందనుకుని, "అక్కా, ఈ బూట్లు, బ్యాగు చూస్తుండు" అన్నాను.

"పోయి రా నాయనా. పిల్లోళ్లు పడతారు, పట్టుకో."

పడ్డారు, లేచారు, ఆఖరికి కేకలు పెడుతూ జారారు. బయటికొచ్చి బ్యాగు తీసుకుంటుంటే ఆమె మణికట్టుకు నీలి పట్టీ కనిపించింది. మేం ఆడిన అదే గంటకు టికెట్ కొన్నవాళ్లకే ఇచ్చే పట్టీ.

"ముందే చెప్పొచ్చు కదా అక్కా!"

"మంచు చూడాలని సెలవడిగి వచ్చినా. నువ్వు చూస్తుండమంటివి, కాదని ఎట్లంటా?"

ఆమెను వెంటనే లోపలికి పంపాను.

అప్పటికి ఆ గంటలో మిగిలింది నాలుగు నిమిషాలు.