చారెడు కొండ మన్ను

మొన్న ఆదివారం తిరువళ్ళూరులో మా అమ్మాయి ఇంటి మేడ మీద కూర్చుని ఉంటే, అది ఒక చిన్న పొట్లం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. పొట్లం మీదంతా అరవ అక్షరాలు. దానికి తెలుగు కంటే అరవమే బాగా వచ్చు కాబట్టి అదే చదివి చెప్పింది. కుండీలో మొక్క నాటేముందు వేరుకు ఈ పొడి అద్దాలట. ఇందులో ఒక రకం బూజు ఉంటుందట. వేరు పోలేని సందుల్లోకి ఆ బూజు దారాలు పాకి నీళ్ళూ సారమూ తెచ్చిపెడతాయి, బదులుగా ఆకు వండిన తీపిలో వాటా తింటాయి. "బూజును గూడా పొట్లం కట్టి అమ్ముతా ఉండారు, చూసినావా మా" అంది. నాకు నవ్వొచ్చింది. పెద్దక్క దీన్ని చీర కొంగులో మూటగట్టుకుని వచ్చేది.

పెద్దక్క సంగతి చెప్పాలంటే ముందు నా పిచ్చి సంగతి చెప్పాలి. మా అత్తవారిది తిరుత్తణిలో పచారీ దుకాణం. కొత్త కోడలిగా నాకు అప్పగించిన పని సరుకు బాగుచేయడం. పప్పు చెరగడం, చింతపండు గింజ తీయడం, మిరపకాయలు ఎండబెట్టడం. చేసి చేసి శుభ్రం నాకు రోగంలా ముదిరింది. కూరగాయలు రెండు నీళ్ళలో కడిగితే మా ఆయన చెప్పులు మూడు నీళ్ళలో కడిగేదాన్ని. పాపం ఆయన తడి చెప్పులతోనే దుకాణానికి పోయేవారు. ఇరవై ఏళ్ళ కిందట మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, కనకమ్మ సత్రం ఊరి దగ్గర మా పొలంలో నర్సరీ పెట్టారు. బోడి కొండల మీద మళ్ళీ అడవి పెంచుతామన్న వాళ్ళెవరో జాలారి మొక్కలు కావాలన్నారు. గుగ్గిలం కారే జాతి చెట్టు అది, మా కొండలదే. గింజకు రెక్కలుంటాయి, గాలికి గిరగిరా తిరుగుతూ రాలుతుంది. గింజలు తెప్పించాం. మరుసటేడు వానల నాటికి మొక్కలు చేతికి రావాలి. సంచుల్లో నింపే మట్టి సిద్ధం చేయడం నా వంతు.

నీళ్ళు పోసే పని పెద్దక్కది. పొదటూరుపేట వైపు మనిషి. ఆమె కంటే పెద్దవాళ్ళు కూడా ఆమెను పెద్దక్కా అనే పిలిచేవాళ్ళు. ఆదివారం చర్చి కాగానే తలలో కనకాంబరాలు వాడకముందే పనికి వచ్చేసేది. మొగుడు లేడు. కూతురి నర్సు చదువు ఈ పని మీదే నడిచేది. మట్టి కలిపే రోజు ఆమె కొండ నుంచి కొంగులో ఏదో కట్టుకొచ్చి నా ముందు విప్పింది. ముదురు జాలారి చెట్టు కింది నల్లమన్ను. కుళ్ళిన ఆకులు, వాటి మధ్య తెల్లటి దారాలు, తడి వాసన. నా ఒళ్ళు జలదరించింది. ఈ బూజు మన్ను మన మొక్కలకెందుకు, పారెయ్యమన్నాను. ఆమె మళ్ళీ కొంగు ముడేసుకుంది. నేను మా మట్టిని కందిపప్పులా జల్లించి, సలసల కాగే నీళ్ళు పోసి, మూడు రోజులు ఎండలో ఆరబెట్టాను. బావగారు చూసి, అందులో అన్నం పెట్టుకుని తినొచ్చని మెచ్చుకున్నారు. నేను పొంగిపోయాను.

మొలకలు బాగానే లేచాయి. నాలుగు నెలలు తిరిగేసరికి ఆకులు పాలిపోయాయి, ఎదుగుదల ఆగిపోయింది. ఎరువు వేశాం, నీడ పందిరి వేశాం. కొన్ని ఎండిపోయాయి కూడా. బోరింగు పక్కనున్న ఒక్క వరుస మాత్రం పచ్చగా, జానెడు ఎక్కువ ఎత్తుతో నిలబడి ఉంది. బావగారికి అది కంటబడింది. "ఈయమ్మ బోరింగు దగ్గరుండే వరసకే నీళ్ళు పోస్తా ఉండాది. దూరం మోసేదానికి సోమరితనం. శనివారం నుంచి రావద్దని చెప్పు మా" అన్నారు నాతో. పెద్దక్క అక్కడే ఉంది, వింది. బిందె నింపి దూరంగా ఉన్న వరుసకు పోసి వచ్చింది.

ఆమె ఒళ్ళు దాచుకునే మనిషి కాదని నాకు తెలుసు. బావగారు దుకాణానికి వెళ్ళాక పచ్చ మొక్క ఒకటి, పాలిపోయిన మొక్క ఒకటి సంచులు చించి చూశాను. పాలిపోయినదాని వేర్లు శుభ్రంగా, కడిగినట్టున్నాయి. పచ్చదాని వేర్ల కొసలకు తెల్లగా తొడుగు, చుట్టూ మట్టిలోకి పాకిన దారాలు. అలవాటు కొద్దీ కడగడానికి చెంబు అందుకున్నాను. పెద్దక్క నా చెయ్యి పట్టుకుంది.

"కడగొద్దు చిన్నమ్మా. ఆ దారం లేకుంటే జాలారి బతకదు. ఆ పొద్దు నువ్వు పారెయ్ అంటివి. మనసు రాలా. ఈ వరసకు తలా చారెడు ఏసేసినా."

"మరి బావగారితో చెప్పలేదేం?"

"చెప్తే తప్పు నీ మీదికి వస్తాది గదా."

నాకు ఏడుపొచ్చింది. అప్పటివరకు బావగారు ఏం చెప్పినా తలూపడమే తప్ప ఆయన ఎదుట నిలబడి మాట్లాడింది లేదు. ఆ రోజు రెండు మొక్కలూ రెండు చేతుల్లో పట్టుకుని, మట్టి రాలుతున్న చీరతోనే బస్సెక్కి, తిరుత్తణిలో దుకాణంలోకే పోయి నిలబడ్డాను. మొక్కల్ని చంపింది నీళ్ళు కాదు, నా శుభ్రం అన్నాను. ఆయన వేర్లనీ నన్నూ మార్చి మార్చి చూశారు. పెరట్లో నేను కడిగి ఆరేసే తమ్ముడి చెప్పులు గుర్తొచ్చాయో ఏమో, నవ్వేశారు. "సరే, ఆ పెద్దక్కనే అడిగి చెయ్ మా. ఎంత మన్ను కావాల్నో ఆమెనే చెప్పమను" అన్నారు. నా గుండెల మీద బరువు అక్కడే దిగిపోయింది.

వారం రోజులు కొండకూ పొలానికీ తిరిగాం. ప్రతి సంచిలో వేరు పక్కన వేలితో గుంట చేసి చారెడు మన్ను వేశాం. రెండు నెలలకు మొదటి చిగురు లేచింది, లేత ఎరుపు. పెద్దక్క దాన్ని చూసి పిలిచిన పిలుపుకు నేను పొలం గట్టున కూర్చుని చెరుగుతున్న పప్పు చేటలోనే వదిలి పరుగెత్తాను. పోయినవి పోగా మిగిలినవన్నీ వానలకు కొండెక్కాయి. పెద్దక్క మోకాళ్ళు మొరాయించేదాకా మా నర్సరీలోనే పనిచేసింది. ఇప్పుడు పొన్నేరిలో నర్సుగా పనిచేస్తున్న కూతురి దగ్గర ఉంటోంది.

మేడ మీద మా అమ్మాయి కుండీలో మొక్క వేరుకు నేనే పొడి అద్దాను. "చెయ్యి కడుక్కుందువు గానీ రా మా" అని అది నీళ్ళు తెచ్చి పెట్టింది. ఉండనీలే అన్నాను. మన్నంటిన చేతిని ఒళ్ళో పెట్టుకుని కాసేపు ఊరికే కూర్చోవడం నేర్చుకునేసరికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది.