మీసమూ, సీసాలూ

ఆమెను పిన్ని అనని వాళ్లు లేరు, ఆమెకన్నా పెద్దవాళ్లతో సహా. కూల్‌డ్రింకుల ఫ్యాక్టరీలో పిన్ని ఉద్యోగం చూడడం. కడిగిన ఖాళీ సీసాలు వెలుగుతున్న తెల్లటి తెర ముందునుంచి బెల్టు మీద వరసగా సాగిపోతుంటాయి. బీటలు వారినదాన్ని పిన్ని పట్టి పక్కన పెట్టాలి. లోకంలో చాలామంది చూసీ చూడనట్టుండి జీతం తీసుకుంటారు. పిన్నికి ఆ సౌకర్యం లేదు.

ఈమధ్య మంచిరకం సీసాలు వచ్చి బీటలు అరుదైపోయాయి. విచిత్రమేమిటంటే, ఎప్పుడో ఒకటి వచ్చినా అది పిన్ని కళ్లముందునుంచే దర్జాగా వెళ్లిపోతోంది.

"పిన్నిగారూ, నెలాఖరులోపు ఇంకొక్కటి దాటిందా, మిమ్మల్ని మూతల గదిలోకి మార్చక తప్పదు" అన్నాడు సూపర్‌వైజరు.

పిన్నికి తల కొట్టేసినట్టయింది. కళ్లడాక్టరేమో చూపు దివ్యంగా ఉందన్నాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర, మనిషి చూపు మీద కాలేజీలో పరిశోధన చేస్తూ, ఆ పూటే ఊరినుంచి వచ్చిన కోడలు తల ఎత్తింది.

"మామయ్యా, మీసం తీసేశారేం?"

"ఆదివారమే తీశాను" అన్నాడాయన, భార్యవైపు చూడకుండా. పెళ్లినాటి మీసం అది. అదే ఫ్యాక్టరీలో బెల్టు మీదికి సీసాలెక్కించే ఆయన, ఆదివారం నుంచీ అలకలో ఉన్నాడు.

"రోజూ ఎదురుగా కూర్చుని వడ్డించానే" అంది పిన్ని తెల్లబోయి.

కోడలి కళ్లు మెరిశాయి. "కంటి తప్పు కాదత్తయ్యా. కన్ను అన్నీ అందుకుంటుంది, మెదడు మాత్రం తను వెతికేవే పట్టుకుంటుంది. ఎంతకీ దొరకనిదాన్ని వెతకడం మెల్లగా మానేస్తుంది."

"అంటే నా మెదడు పనిదొంగన్నమాట."

"అందరిదీ అంతే. అప్పుడప్పుడూ దొరుకుతుంటే మళ్లీ వెతుకుతుంది. కావాలనే కొన్ని బీటల సీసాలు కలిపితే సరి."

సూపర్‌వైజరు ఒప్పుకున్నాడు. బీటల సీసాలకు అడుగున రంగుచుక్క పెట్టి కలిపే బాధ్యత భర్తగారిది. పిన్ని వదిలేసినవాటిని బెల్టు చివర తీసేస్తారు. ఆయన మీసం కక్షంతా పెట్టి, వెంట్రుకవాసి బీటలే ఏరి పంపాడు. మొదట్లో కొన్ని దాటాయి. తర్వాత దాటడం మానేశాయి.

నెలాఖరున యజమాని స్వయంగా వచ్చి, తెర పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. దగ్గాడు. మళ్లీ దగ్గాడు. పిన్ని చెయ్యి చాపి, ఆయన పొట్ట పక్కనుంచి ఒక సీసా లాగేసింది. సూపర్‌వైజరు తిప్పి చూశాడు. బీట ఉంది, చుక్క లేదు. అసలుదే.

"ఆవిడకి నేను కనబడలేదా?" అన్నాడు యజమాని చిన్నబుచ్చుకుని.

"తమరికి బీటల్లేవు కదండీ" అన్నాడు సూపర్‌వైజరు వినయంగా.

మూతల గది మాట మళ్లీ రాలేదు.

సాయంత్రం ఇంటికి నడుస్తూ పిన్ని అడిగింది, "యజమాని వచ్చారటగా. ఎలా ఉంటారండీ?"

భర్త తన నున్నటి పైపెదవి తడుముకున్నాడు.

"మీసం ఉంది" అన్నాడు.